మూసిన తలుపుకు అటూ ఇటూ

మొన్న ఆదివారం ఒక స్నేహితురాలి కూతురు బెంగళూరు నుంచి ఫోన్ చేసింది. భార్యాభర్తలిద్దరికీ ఉద్యోగాలు, ఇంట్లో రెండు పిల్లులు. అవి రోజంతా ఒకే సోఫా మీద ఒకదాన్నొకటి ఆనుకుని పడుకుంటాయట, గిన్నె చప్పుడైందంటే మాత్రం ఒకదాని గొంతు ఒకటి పట్టుకుంటాయట. "ఆంటీ, మీ ఇంట్లో కూడా రెండు ఉండేవని అమ్మ చెప్పింది. మీరెట్లా మేనేజ్ చేశారు?" అని అడిగింది. రెండింటికీ తిండి వేరువేరు గదుల్లో పెట్టమన్నాను, మధ్యలో తలుపు వేసెయ్యమన్నాను, రెండూ తినడం అయ్యాక గిన్నెలు తీసేసి అప్పుడే తలుపు తియ్యమన్నాను. "అంతేనా ఆంటీ?" అంది, ఇంతకాలం ఇంత చిన్న విషయానికా బాధపడ్డాను అన్నట్టు. అంతేనమ్మా అన్నాను. ఫోన్ పెట్టేశాక పొయ్యి మీద పాలు పొంగిపోయేదాకా అక్కడే నిలబడి ఉండిపోయాను. ఆ పిల్లకు చెప్పినదాంట్లో అబద్ధం ఏమీ లేదు. ఆ మూడు ముక్కలు నేర్చుకోవడానికి మా ఇంట్లో ఏం జరిగిందో మాత్రం ఫోన్‌లో చెప్పే సంగతి కాదు.

మా ఆయనది కరెంటు ఆఫీసులో ఉద్యోగం. చాలా ఏళ్లు కుప్పంలో చేసి చివరికి మదనపల్లెకు బదిలీ చేయించుకున్నారు. సామాన్ల వ్యానులో మంచాలు, బీరువా, గ్యాసు పొయ్యి వచ్చాయి. వాటి వెనకే టమోటా బాక్సులో ఒక నల్లపిల్లి వచ్చింది. కుప్పం స్టేషను దగ్గర ఒక హోటలు వెనక, ఎంగిలాకులు పారేసే చోట పుట్టిన పిల్లి అది. కుక్కలు రాకముందే, కాకులు వాలకముందే ఏది దొరికితే అది మింగేసి గోడ దూకడం దానికి పుట్టుకతో వచ్చిన చదువు. మా ఇంట్లో దాని గిన్నె దానికుంది, అందులో వేళకు పాలన్నం ఉంది, పక్కన ఇంకో ప్రాణి లేదు. అయినా చెవులు వెనక్కి పెట్టి, గొంతులో గుర్రుమంటూ, మధ్యమధ్య వెనక్కి తిరిగి చూసుకుంటూ మింగేది. "దాని ఇంట్లో దాని కూడు అదే దొంగతనం చేసి తింటాండాది సూడు" అని మా ఆయన నవ్వేవారు. నేనూ నవ్వేదాన్ని. ఆకలి తీరినా ఆకలి భయం తీరదని మాకు అప్పటికి తెలియదు.

అట్లాంటి ఇంటికి మా పెద్దమ్మ వచ్చింది. మా అమ్మకు అక్క. పెదనాన్న నడివయసులోనే పోయాడు, పిల్లలు లేరు. పుంగనూరులో మరుదుల ఇంట్లోనే ఉండేది. వాళ్లు పాత ఇల్లు పడగొట్టి మిద్దె కట్టుకుంటున్నామని, కట్టడం అయ్యేదాకా చెల్లెలి కూతురింట్లో ఉండి రమ్మని ఆమెను పంపారు. మిద్దె కట్టడం అయింది, గృహప్రవేశం కూడా అయింది. రమ్మని కబురు మాత్రం రాలేదు. పెద్దమ్మ ఆ సంగతి ఎప్పుడూ ఎత్తేది కాదు, మేమూ ఎత్తేవాళ్లం కాదు. వచ్చిన రోజు ఒక చేతిలో గుడ్డల సంచి, ఇంకో చేతిలో పైన తువ్వాలు కట్టిన వెదురుబుట్ట. బుట్టలో కోడిపెట్ట ఉందని బస్సులో చెప్పిందట. పుంగనూరు దాటకముందే ఆ పెట్ట నోరు విప్పింది. "యాడి కోడిమ్మా ఇది, మ్యావ్ అంటాంది?" అన్నాడట కండక్టరు. "ముసిల్దైపోయిందప్పా, కూత మారిపోయింది" అని ఈమె జవాబు. బస్సంతా నవ్విందని చెప్పి తనూ నవ్వింది. ఆ రోజు తర్వాత ఆమె అంత మనసు విప్పి నవ్వడం నేను ఎక్కువసార్లు చూడలేదు.

ఆమె పిల్లి బూడిద రంగుది, పళ్లు అరిగిపోయిన ముసలిది. పేరంటూ లేదు, మా వైపు ఆడపిల్లల్ని పిలిచినట్టు "అమ్మీ" అని పిలిచేది. పెద్దమ్మ నేల మీద కాళ్లు మడుచుకుని కూర్చుని సంగటి పెట్టుకుంటే అమ్మి ఎదురుగా కూర్చునేది. మొదటి ముద్ద చిదిపి, పాలలో అద్ది, తన కంచంలోనే అటు అంచున పెట్టేది పెద్దమ్మ. అమ్మి అటునుంచి, పెద్దమ్మ ఇటునుంచి నిదానంగా తినేవాళ్లు. మా ఆయనకు అది చూస్తే రోత. పెద్దావిడ కదాని పైకి ఏమీ అనలేక తన కంచం తీసుకుని టీవీ ముందుకు వెళ్లిపోయేవారు. నేను వంటింట్లో నిలబడి నాలుగు మెతుకులు నోట్లో వేసుకుని పోస్టాఫీసులో నా ఉద్యోగానికి పరిగెత్తేదాన్ని. మా ఇంట్లో భోజనమంటే అదే, ఎవరి వేళకు వాళ్లు, ఎవరి మూలన వాళ్లు.

ఇప్పుడు పొరపాటు దగ్గరికి వస్తాను. మన పెళ్లిళ్లలో బువ్వం పెడతారు కదా, కొత్త దంపతుల్నీ దగ్గరి చుట్టాల్నీ ఒకే పళ్లెం చుట్టూ కూర్చోబెట్టి తినిపించడం. కలిపి తినిపిస్తే మనుషులు కలుస్తారని పెద్దమ్మ గట్టి నమ్మకం. వచ్చిన మర్నాడే మా ఇంట్లో వెడల్పాటి స్టీలు పళ్లెం ఏదో చూసి, అందులో పాలన్నం కలిపి, పైన ఎండుచేప ముక్కలు చల్లి, నల్లదాన్నీ అమ్మినీ చెరోవైపు కూర్చోబెట్టింది. "ఒగ ఇంట్లో ఉండేవాళ్లకు ఒగటే తట్ట. బువ్వం పెట్టినట్ల పెడితే పొత్తు అదే కుదురుతాది" అంది. తట్ట అంటే మా వైపు కంచం. అమ్మి మర్యాదగా తల వంచింది. నల్లది తల ఎత్తకుండానే పంజా విసిరింది. పళ్లెం బోర్లా పడింది, మెతుకులు గోడదాకా ఎగిరాయి, అమ్మి చెవి చీలింది. మొదటిసారి కదా, కొత్త కదా అంది పెద్దమ్మ. మర్నాడు మళ్లీ పెట్టింది. ఆ తర్వాతా పెట్టింది. అమ్మి కొద్ది రోజులకే గిన్నె చప్పుడు వింటే మంచం కిందికి పోవడం నేర్చుకుంది. నల్లది తన వాటా మింగి, దాని వాటా మింగి, మంచం దగ్గర కాపలా కూర్చునేది.

ముసలిది చిక్కిపోతోందని పశువుల డాక్టరు దగ్గరికి తీసుకుపోయాను. ఆయన ఎక్కువగా ఆవులనూ గొర్రెలనూ చూసే మనిషి, అయినా ఓపిగ్గా విన్నాడు. బువ్వం సంగతి చెప్పగానే నవ్వు ఆపుకోలేకపోయాడు. "పిల్లికి బంతి భోజనం ఉండదమ్మా. ఒంటిగా వేటాడి ఒంటిగా తినే జాతి అది. పక్కన ఇంకోటి ఉంటే కూడు లాక్కుపోతాదనే దాని భయం. వేరే గదుల్లో పెట్టండి, ఒకటి ఇంకోదానికి కనపడకూడదు. కొన్నాళ్లకు గిన్నెలు మెల్లగా తలుపు దగ్గరికి జరుపుతూ రండి. ఆ పక్క వాసన వస్తున్నా నా తిండి నాకుంది అని అవి నమ్మాల" అన్నాడు. ఇంటికి వచ్చి హాలుకూ లోపలి గదికీ మధ్య తలుపు వేశాను. నల్లదానికి హాల్లో, అమ్మికి లోపల. పెద్దమ్మ గుమ్మం దగ్గర నిలబడి చూసింది. ఆమె ముఖం నల్లబడింది.

"నా పిల్లిని లోపలేసి తలుపు మూస్తాండావు" అంది.

"దాని మంచికే పెద్దమ్మా. డాక్టరు చెప్పినాడు."

"అందరూ మంచికే సెప్తారు పాపా. ఈ పొద్దు దాని తట్ట పక్కకు పెడతారు, రేపు నా తట్ట పెడతారు. ఆపైన నేను యాడికి పోవల్ల, సెప్పు?"

నాకు ఒళ్లు మండింది. రెండు గిన్నెలు వేరే చోట పెడితే అందులో నిన్ను వెళ్లగొట్టే మాట ఎక్కడుందని గట్టిగానే అడిగాను. ఆ రోజు ఆమె అన్నం తినలేదు. అరవై దాటిన మనిషి పిల్లి గిన్నె మీద అలగడమేమిటని నేను మా ఆయన దగ్గర విసుక్కున్నాను. ఆ ఇంట్లో తన చోటు పోతుందని ఆమె నిజంగానే వణికిపోతోందని నాకు తట్టలేదు.

నేను ఇంట్లో ఉన్నంతసేపూ తలుపు మూసి ఉండేది. నేను ఆఫీసుకు పోగానే పెద్దమ్మ తలుపు తీసి మళ్లీ బువ్వం పెట్టేదట. ఒక మధ్యాహ్నం పక్కింటావిడ ఆఫీసుకు ఫోన్ చేసింది, బిరీన రమ్మంది. నేను వెళ్లేసరికి హాల్లో పాలూ రక్తమూ కలిసి నేల మీద పారి ఉన్నాయి. అమ్మి కింది దవడ చీలిపోయి మంచం కింద ఉంది. నల్లది బీరువా మీద ఒళ్లంతా ఉబ్బించుకుని ఉంది. పెద్దమ్మ గోడకు ఆనుకుని కూర్చుని కుడిచేతిని కొంగులో చుట్టుకుని ఉంది. రెండింటినీ విడదీయడానికి మధ్యలో చెయ్యి పెట్టిందట. నల్లది ఆ చేతినే పట్టుకుంది, పట్టుకుని వదల్లేదు. పిల్లికాటే కదా అనుకున్నాం. ఆమెకు షుగరుంది. మర్నాటికి చెయ్యి మోచేతిదాకా వాచింది. కుక్కకాటుకు వేసే సూదులే వేశారు, చెయ్యి కోసి చీము తీశారు, ఆసుపత్రిలో చాలా రోజులు ఉంచారు. చెయ్యి దక్కింది, వేళ్లు మాత్రం మళ్లీ ముడుచుకోలేదు. సంగటి ముద్ద చేసుకోవడానికి పనికిరాని చెయ్యి అది.

మా ఆయనకు కోపం వస్తే మాటలు తక్కువ. నల్లదాన్ని టమోటా బాక్సులో పెట్టి తాడు కట్టారు. రామకుప్పం దగ్గర తెలిసినవాళ్ల తోట ఉంది, అక్కడ వదిలేసి వస్తానన్నారు. మంచంలో పడుకున్న పెద్దమ్మ లేచి కూర్చుంది.

"తిండికాడ కొట్లాడిందని ఇంట్లో నుంచి తరమతారా అల్లుడూ?"

"నీ చెయ్యి సూడు అత్తా ఎట్లుండాదో!"

"నా చెయ్యి గదా, నేను సూసుకుంటా. ఎంగిలాకుల్లో పుట్టినదాన్ని మళ్లా ఎంగిలాకులకే పంపిస్తే అది బతకదు. ఇప్పు ఆ తాడు." నా వైపు చూడకుండా, "తలుపు నేనే మూస్తాలే పాపా" అంది.

అట్లా మొదలైంది మా తలుపు కాలం. పొద్దున నేను ఆఫీసుకు పోయేముందు ఒకసారి, సాయంత్రం వచ్చాక ఒకసారి. దవడ కుట్లు పడ్డ అమ్మికి ఎవరైనా పక్కన కూర్చుంటేనే ధైర్యం, లేకపోతే మంచం కింది నుంచి రాదు. నల్లదాని పక్కన ఎవరూ లేకపోతే అది తన గిన్నె ఖాళీ చేసి తలుపు గోకడం మొదలుపెడుతుంది, ఆ చప్పుడుకు అమ్మి తినడం మానేస్తుంది. అందుకని లోపల పెద్దమ్మ, బయట నేను కాపలా. ఊరికే కూర్చోవడమెందుకని నేను నా కంచం తెచ్చుకున్నాను, ఆమె తన కంచం లోపలికి తీసుకుపోయింది. ఆమెకు ఆ మూసిన తలుపు మేలే చేసింది. వంగని వేళ్లతో స్పూను పట్టుకుని, సగం చీర మీద పోసుకుంటూ తినడం ఎవరి కంటా పడటం ఆమెకు ఇష్టం లేదు. నేను సాయం చేస్తానంటే "నన్ను పసిబిడ్డను చెయ్యద్దు" అనేది. తలుపు వెనక స్పూను కింద పడ్డ చప్పుడు వినపడితే నేను విననట్టు ఏదో ఒకటి మాట్లాడేదాన్ని. ఆమె జవాబు చెప్పేది. అట్లా మాటలు మొదలయ్యాయి.

మనిషి ముఖం కనపడకపోతే కొన్ని సంగతులు చెప్పడం తేలికేమో. పెదనాన్నను ఆమె తలుపు అవతలి నుంచి మొదటిసారి నాకు చూపించింది. ఆయన కూర బాగుంటే ఉప్పు తక్కువైందనేవాడట, నిజంగా ఉప్పు తక్కువైన రోజు ఏమీ అనేవాడు కాదట. ఆయన పోయాక ఎవరూ ఆమెను ఒక్క మాట అనలేదట. బంతిలో ఆమె చోటు మాత్రం జరుగుతూ పోయింది. పిల్లలకు ఇరుకుగా ఉందని మొదట వంటింటి గడప దగ్గరికి జరిపారు. ఎవరో చుట్టాలొచ్చినప్పుడు నడవలోకి జరిపారు, చుట్టాలు పోయాక వెనక్కి పిలవలేదు. చివరికి పంచలో, అందరూ తిన్నాక. "ఆడ ఒగ దినం ఈ అమ్మి వచ్చి నా ఎదురుగ్గా కూసునింది పాపా. పిల్లకూన అప్పుడు. ఎన్నేండ్లకో నా తట్ట ముందర ఇంగొక నోరు" అంది. నేను చేతిలో ముద్ద కంచంలో పెట్టేశాను. నల్లది నా కంచంలోకి తొంగి చూసింది. తలుపు తీసి లోపలికి పోయి ఆమెను పట్టుకుని ఏడవాలనిపించింది. తలుపు తీస్తే నల్లది దూరుతుంది, అందుకని ఏడుపు బయటే ఏడ్చాను.

గిన్నెలు జరపడం పెద్దమ్మ తన పనిగా పెట్టుకుంది. కొద్ది రోజులకొకసారి జానెడు. "ఈ పొద్దు నీది కూడా జరుపు" అని లోపలి నుంచి ఆజ్ఞ వేసేది. జరిపిన రోజు నల్లది గుర్రుమంటే మళ్లీ వెనక్కి. చలికాలం ముగిసేసరికి రెండు గిన్నెలూ తలుపుకు దగ్గరగా వచ్చాయి, మేమిద్దరం కూడా గిన్నెలతో పాటే జరిగి తలుపుకు చెరోవైపు చేరగిలబడ్డాం. తలుపు కింద సందులోంచి ఆమె చీర అంచు నాకు కనపడేది. నల్లదానిలో మార్పు వచ్చింది. వెనక్కి తిరిగి చూడటం తగ్గింది, నమలడం నేర్చుకుంది. ఒక రోజు పెద్దమ్మే, "తీద్దామా పాపా?" అంది. బెత్తెడు తీశాం. నల్లది తలెత్తి చూసింది. అటువైపు అమ్మి తల వంచి గిన్నెలో మూతి పెట్టి ఉంది. నల్లది కాసేపు చూసి మళ్లీ తన గిన్నెలోకి వంగింది. మర్నాడు ఇంకాస్త తీశాం, ఆ మర్నాడు బార్లా తీసేశాం. గొడవ లేదు. పెద్దమ్మ ఆ వంకర చెయ్యి నెత్తి మీద పెట్టుకుని, "కుదిరిందే, కుదిరిందే" అని ఏడ్చింది. మా ఆయన మైసూరుపాకు తెచ్చారు. మా ఇంట్లో అంత సంబరం పెళ్లిరోజుకు కూడా జరిగినట్టు నాకు గుర్తులేదు.

ఆ రోజే గిన్నెలు కడగబోయి నేను చూశాను. అమ్మి గిన్నెలో పెట్టింది పెట్టినట్టే ఉంది. ఆ ముందు రోజులవి కూడా పెద్దమ్మ వాకిట్లో కాకులకు వేసేదట, ముసలిది కొంచెం మిగిల్చిందనుకుని. అది మూతి పెట్టేది, పాలు పెదాలకు తగిలేవి, అంతే. మళ్లీ డాక్టరు దగ్గరికి పోయాం. మూత్రపిండాలు పోయాయన్నాడు, వయసు అన్నాడు. నల్లది ఎందుకు ఊరుకుందో కూడా ఆయనే చెప్పాడు, మెల్లగా, పెద్దమ్మకు వినపడకుండా. ఎదుటిది తిండికి పోటీ కాదని దానికి మనకంటే ముందే తెలిసిపోయి ఉంటుందన్నాడు. మేము మైసూరుపాకు తిన్న రోజున ఆ ముసలిది చావు మొదలుపెట్టి ఉంది. పెద్దమ్మకు ఆ మాట నేను చెప్పలేదు. ఆమెకు తెలియకపోలేదు. సూదిలేని సిరంజితో పాలు పోస్తుంటే ఆమె వంగని వేళ్ల మధ్య నుంచి అవి కారిపోయేవి. ఎండలు ముదరకముందే అమ్మి ఆమె ఒళ్లోనే పోయింది. పెరట్లో గుంత తవ్వి పూడ్చారు మా ఆయన. పెద్దమ్మ బయటికి రాలేదు.

ఆ తర్వాత తలుపు మూయాల్సిన పని లేకపోయింది. కాపలా పనీ లేదు. నేను మళ్లీ వంటింట్లో నిలబడి తిని ఆఫీసుకు పోవడం మొదలుపెట్టాను. ఎవరూ అనుకుని చేసింది కాదు, పాత అలవాటు దానంతటదే వచ్చి కూర్చుంది. పెద్దమ్మకు కంచం పెట్టి మూత వేసి వెళ్లేదాన్ని. సాయంత్రానికి కంచం ఖాళీగా ఉండేది, నాకు నిశ్చింతగా ఉండేది. వానలు మొదలయ్యాక ఒకనాడు ఆమె చేతి గాజులు మోచేతిదాకా జారడం చూశాను. జాకెట్టు భుజం మీద నిలవడం లేదు. ఆ రోజు ఆఫీసు నుంచి మధ్యాహ్నమే వచ్చాను. పెద్దమ్మ నేల మీద కూర్చుని ఉంది, ఆమె కంచంలో నల్లది తింటోంది. గుర్రుమనకుండా, వెనక్కి తిరిగి చూడకుండా, నిదానంగా నములుతూ తింటోంది. పెద్దమ్మ స్పూను కూడా ముట్టుకోలేదు.

"ఇదేంది పెద్దమ్మా? నువ్వెప్పుడు తింటావు?"

"అది తినేది సూస్తా ఉంటే నాకు కడుపు నిండతాంది పాపా. ఒక్కదాన్నే తినాలంటే ముద్ద దిగదు."

సెలవు పెట్టాను, ఎదురుగా కూర్చుని తినిపించాను. నా కోసం నాలుగు మెతుకులు మింగేది, తర్వాత కక్కుకునేది. డాక్టర్లు షుగరన్నారు, రక్తం లేదన్నారు. పుంగనూరుకు కబురు పంపితే ఒక మరిది వచ్చి పండ్లు పెట్టి పోయాడు. దీపావళి చూడకుండానే వెళ్లిపోయింది. నల్లది ఇప్పటికీ ఉంది, అదీ ముసలిదైంది. పిల్లుల పొత్తు ఎట్లా కుదుర్చుకోవాలో ఎవరడిగినా నేను చెప్పేది అదే మూడు ముక్కలు. మిగతాది ఎవరికీ చెప్పను, ఎందుకంటే అది పిల్లుల సంగతి కాదు. పెద్దమ్మ మా ఇంట్లో ఉన్న కాలమంతటిలో మేమిద్దరం కలిసి తిన్నది మూసిన తలుపుకు అటూ ఇటూ కూర్చున్న ఆ కొద్ది నెలలే. తలుపు తెరిచాక మళ్లీ ఆ కాలం రాలేదు.